50 శాతం సుంకం ఒక్క సంతకంతో ఎలా పడింది, వాళ్ల కాంగ్రెస్ ఎందుకు ఆపలేదు

మీరడిగినవి మూడు. మీ నాన్నగారు పనిచేసే రొయ్యల ప్లాంటుకి ఆర్డర్లు ఆగిపోయేంత సుంకాన్ని అమెరికా ప్రెసిడెంట్ ఒక్క సంతకంతో ఎలా వేయగలిగారు అనేది ఒకటి. పన్నులు వేసే అధికారం కాంగ్రెస్‌దే (కాంగ్రెస్ అంటే వాళ్ల పార్లమెంటు, ప్రతినిధుల సభ, సెనేట్ దాని రెండు సభలు) అని లా క్లాసులో చెప్పారు కదా, మరి ఆ కాంగ్రెస్ ఏం చేస్తున్నట్టు అనేది రెండోది. మన దగ్గర రాష్ట్రపతి గానీ ప్రధాని గానీ ఇలా చేయగలరా అనేది మూడోది. నేను ఇక్కడ విశాఖలోనే వకీలుని, చాలా ఏళ్లుగా కస్టమ్స్ కేసులే ఎక్కువ చూస్తున్నాను, పోర్ట్ ఏరియాలో ఎక్స్‌పోర్టర్లతో, సీహెచ్‌ఏలతో (కస్టమ్స్ క్లియరెన్స్ చేయించే ఏజెంట్లు) రోజూ పనే, అందుకని ఈ విషయం నాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు జరిగింది సరిగ్గా పెట్టుకుందాం. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ వాళ్ల దేశ వాణిజ్య లోటునే నేషనల్ ఎమర్జెన్సీ అని ప్రకటించి దాదాపు అన్ని దేశాల మీదా సుంకాలు పెట్టారు. మన వాటా 25 శాతం, అది ఆగస్టు 7 నుంచి అమల్లోకొచ్చింది. ఈలోపే ఆగస్టు 6న ఇంకో ఉత్తర్వు, రష్యా ఆయిల్ కొంటున్నాం కాబట్టి ఇంకో 25, అది ఆగస్టు 27 నుంచి. మొత్తం 50. ఆ రెండో దాంట్లో చిన్న వెసులుబాటు ఇచ్చారు, 27వ తేదీకి ముందు షిప్పెక్కి, సెప్టెంబర్ 17 లోపల అక్కడ క్లియర్ అయిన సరుకుకి అదనపు 25 పడదు అని. విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి రీఫర్ కంటైనర్ (సరుకుని చల్లగా ఉంచేది) వెళ్లాలంటే నెల దాటిపోతుంది, అందుకని ఉత్తర్వు చూశాక హడావుడిగా లోడ్ చేసినవాళ్లకి ఆ వెసులుబాటు దక్కడం కష్టమే, ఎక్కువగా అప్పటికే సముద్రం మీదున్న సరుకుకే అది పనికొచ్చేది. ఆ మూడు వారాలూ నా ఫోను మోగుతూనే ఉంది. అందరిదీ ఒకటే ప్రశ్న, సార్ దీని మీద ఎక్కడ కేసు వేయాలి అని. మన కోర్టుల్లో దీనికి చోటు లేదండీ, అక్కడ సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు, కేసు వేయాల్సిందీ వాళ్లే, అదీ వాళ్ల కోర్టులోనే.

ఇప్పుడు అసలు విషయం. మీ పాఠంలో చెప్పింది కరెక్టే. అమెరికా రాజ్యాంగం మొదటి ఆర్టికల్ 8వ సెక్షన్‌లో పన్నులు, సుంకాలు వేసే అధికారం, విదేశాలతో వ్యాపారాన్ని నియంత్రించే అధికారం, యుద్ధం ప్రకటించే అధికారం అన్నీ కాంగ్రెస్ చేతిలోనే పెట్టారు. 9వ సెక్షన్‌లో ఇంకో మాట, చట్టం ద్వారా కేటాయించకుండా ఖజానా నుంచి పైసా తీయకూడదు అని. రెండో ఆర్టికల్ ప్రెసిడెంట్‌ది, చదివితే దాంట్లో సుంకాల ఊసే ఉండదు. మరి ఆయన చేతికి ఎలా వెళ్లింది? కాంగ్రెస్సే ఇచ్చింది. 1930లో స్మూట్ హాలీ చట్టం అని కాంగ్రెస్ తనే వేలాది వస్తువుల మీద సుంకాలు ఖరారు చేసింది, దానికి మిగతా దేశాలు ఎదురు సుంకాలు వేశాయి, అసలే మాంద్యం, వ్యాపారం ఇంకా కుదేలైంది. ఆ దెబ్బతో 1934లో, ఒప్పందాలు చేసుకుని సుంకాలు తగ్గించే పని ప్రెసిడెంట్‌కి అప్పజెప్పారు. ఆ తర్వాత 1962లో ఒక చట్టం, 1974లో ఇంకొకటి, 1977లో ఐఈఈపీఏ అనే ఎమర్జెన్సీ ఆర్థిక అధికారాల చట్టం. ఎవరూ ప్రెసిడెంట్‌ని రాజుని చేద్దామని చేయలేదు, ప్రతిసారీ ఏదో ఒక అవసరానికే చేశారు, కానీ ఇచ్చిన ప్రతి అధికారానికీ దాన్ని వెనక్కి తీసుకునే దారి ఒకటుండాలి కదా, గొడవంతా అక్కడే ఉంది.

నేను జూనియర్లకి ఎప్పుడూ ఒకటే చెప్తాను. ప్రెసిడెంట్ అయినా రాష్ట్రపతి అయినా గవర్నర్ అయినా, వాళ్ల చేతిలో ఒక అధికారం కనబడితే దానికి పరిమితి ఉందా లేదా అని కాదు, చట్టసభ ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ అధికారం దానంతటదే ఆగిపోతుందా లేక నడుస్తూనే ఉంటుందా అని చూడండి. మౌనం ఎవరి పక్షమో తెలిస్తే ఆ పరిమితి నిజంగా పనిచేసేదా, కాగితం మీద ఉండేదా అన్నది అర్థమైపోతుంది.

దీన్ని రొయ్యల మీదే చూడొచ్చు. మన రొయ్యల మీద అమెరికాలో యాంటీ డంపింగ్ డ్యూటీ, అంటే మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని వేసే సుంకం, 2005 నుంచీ ఉంది. అది ఎలా పడింది? అక్కడి రొయ్యల వాళ్లు పిటిషన్ వేశారు, కామర్స్ డిపార్ట్‌మెంట్ మనవాళ్ల పుస్తకాలు అడిగి ధరలు లెక్కగట్టింది, ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ వాళ్ల పరిశ్రమకి నష్టం జరిగిందా అని విడిగా విచారించింది, అప్పుడు పడింది. ఏటా రివ్యూ ఉంటుంది, రేటు పెరగొచ్చు తగ్గొచ్చు, అయిదేళ్లకోసారి అసలు ఉంచాలా తీసేయాలా అని చూస్తారు, నచ్చకపోతే కోర్టుకి వెళ్లొచ్చు. దాని మీద మనవాళ్లకి ఎంత మంటున్నా సరే దానికొక పద్ధతుంది, కాంగ్రెస్ చట్టంలో రాసిన పద్ధతి. 2025లో పడిన 50కి ఇలాంటిది ఒక్కటీ లేదు. విచారణ లేదు, గడువు లేదు. అదే వనామీ రొయ్య, అదే 50 కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క), అదే కంటైనర్, కానీ ఒక సుంకం చట్టసభ గీసిన గీత మీద నడిచి వచ్చింది, ఇంకొకటి ఎమర్జెన్సీ అనే మాట మీద ఎక్కి వచ్చింది. చెరువు దగ్గర రైతుకి మాత్రం రెండూ ఒకటే, కొనేవాడు కౌంటు రేటు తగ్గించేశాడు, అంతే.

సరే, ఎమర్జెన్సీని కాంగ్రెస్ ఎందుకు రద్దు చేయలేదు అంటారు. ఇక్కడ ఒక కథ చెప్పాలి, ఇది తెలియకుండా ఈ విషయం అర్థం కాదు. 1976లో నేషనల్ ఎమర్జెన్సీస్ యాక్ట్ తెచ్చినప్పుడు కాంగ్రెస్ బాగానే ఆలోచించింది. ప్రెసిడెంట్ ఎమర్జెన్సీ ప్రకటించొచ్చు, కానీ రెండు సభలూ మామూలు మెజారిటీతో తీర్మానం చేస్తే చాలు అది రద్దయిపోతుంది, దానికి ప్రెసిడెంట్ సంతకం అక్కర్లేదు. చక్కగా ఉంది కదా. ఈలోగా జగదీశ్ రాయ్ చద్దా అని కెన్యాలో పుట్టిన మన సంతతి కుర్రాడు స్టూడెంట్ వీసా మీద అమెరికా వెళ్లి, గడువు అయిపోయి, వెళ్లడానికి దేశం లేక డిపోర్టేషన్‌లో ఇరుక్కున్నాడు. ఇమిగ్రేషన్ జడ్జి ఉండనిచ్చారు. కానీ 1975 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ ఒక్క తీర్మానంతో ఆయన్నీ, ఇంకో అయిదుగుర్నీ ఉండటానికి వీల్లేదని తేల్చేసింది, చర్చ కూడా సరిగ్గా లేదు. ఆయన కోర్టుకెళ్లారు. 1983లో సుప్రీంకోర్టు 7-2తో చెప్పిందేంటంటే, చట్టం బలం ఉండే పని ఏది చేయాలన్నా రెండు సభలూ ఒప్పుకోవాలి, తర్వాత ప్రెసిడెంట్ దగ్గరికి వెళ్లాలి, సగం దారిలో తీర్మానంతో తేల్చేయడం కుదరదు అని. చద్దా గారికి న్యాయం జరిగింది, నేను ఆ తీర్పుని తప్పు అనను. కానీ ఆ దెబ్బకి దాదాపు 200 చట్టాల్లో కాంగ్రెస్ పెట్టుకున్న ఇలాంటి పగ్గాలన్నీ చెల్లకుండా పోయాయి, ఎమర్జెన్సీ చట్టంలోది కూడా. 1985లో దాన్ని సవరించి, రద్దు చేయాలంటే జాయింట్ రిజల్యూషన్ కావాలి అని మార్చారు. జాయింట్ రిజల్యూషన్ అంటే ప్రెసిడెంట్ సంతకం కావాలి. తను పెట్టిన ఎమర్జెన్సీని రద్దు చేసే కాగితం మీద తనే సంతకం పెట్టాలన్నమాట. పెట్టకపోతే వీటో, వీటోని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు.

ఇది ఊహ కాదు, 2019లో అచ్చంగా జరిగింది. మెక్సికో సరిహద్దు గోడకి కాంగ్రెస్ అడిగినంత డబ్బు ఇవ్వలేదని ట్రంప్ ఎమర్జెన్సీ ప్రకటించి వేరే పద్దుల నుంచి డబ్బు తీశారు. ప్రతినిధుల సభ 245-182తో, సెనేట్ 59-41తో రద్దు తీర్మానం పాస్ చేశాయి, సెనేట్‌లో ఆయన సొంత పార్టీ వాళ్లే 12 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మార్చి 15న ఆయన వీటో చేశారు. మార్చి 26న ప్రతినిధుల సభలో మళ్లీ ఓటింగ్ పెడితే 248-181 వచ్చింది, మూడింట రెండొంతులకి చాలలేదు, అయిపోయింది. రెండు సభలూ వద్దన్నాయి, అయినా నడిచింది. ఇరాన్ మీద కార్టర్ 1979 నవంబర్‌లో పెట్టిన ఎమర్జెన్సీని ఆ తర్వాత వచ్చిన ప్రెసిడెంట్లంతా, ఏ పార్టీ వాళ్లయినా సరే, ఏటా పొడిగించుకుంటూ వచ్చారు. కాంగ్రెస్ ఏమీ చేయకపోతే ఆగిపోయేలా కాకుండా, ఏదైనా చేస్తే తప్ప ఆగని విధంగా తయారైంది ఆ ఏర్పాటు.

2025లో ఇంకో మెలిక పడింది, ఇది మాత్రం ప్రెసిడెంట్ చేసింది కాదు, కాంగ్రెస్ తన చేతుల్ని తనే కట్టేసుకుంది. ఆ చట్టం ప్రకారం రద్దు తీర్మానం ఎవరైనా సభ్యుడు పెడితే కమిటీ 15 క్యాలెండర్ రోజుల్లో దాన్ని బయటికి పంపాలి, తొక్కిపెట్టకుండా ఉండటానికే ఆ గడువు. మార్చిలో ప్రతినిధుల సభలో ఒక రూల్ పాస్ చేశారు, ఫిబ్రవరిలో ప్రకటించిన సుంకాల ఎమర్జెన్సీల విషయంలో ఆ సెషన్‌లో మిగిలిన రోజులేవీ ఈ లెక్కకి క్యాలెండర్ రోజులు కావు అని! ఏప్రిల్ 2 ఎమర్జెన్సీకీ ఇలాంటి రూలే తెచ్చారు. తెల్లారుతుంది, పొద్దుపోతుంది, కానీ గడువు మాత్రం కదలదు. సెనేట్ ఏప్రిల్‌లో కెనడా సుంకాల మీద 51-48తో, అక్టోబర్ ఆఖర్లో బ్రెజిల్, కెనడా, మొత్తం ప్రపంచ సుంకాల మీద వరసగా మూడు తీర్మానాలు పాస్ చేసింది, ఆ యేడాది అవన్నీ ప్రతినిధుల సభ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. రాజ్యాంగం గురించి మాట్లాడేవాళ్లు ఇలాంటి సభా నియమాల్ని పట్టించుకోరు, నాకైతే అసలు రాజ్యాంగం నడిచేదీ ఆగేదీ ఈ నియమాల్లోనే అనిపిస్తుంది.

ఇక కోర్టులు. మన ఊరు స్టీల్ సిటీ కాబట్టి స్టీల్ కేసు చెప్పకుండా ఉండలేను. 1952 ఏప్రిల్‌లో, కొరియా యుద్ధం జరుగుతున్నప్పుడు, స్టీల్ కార్మికులు సమ్మెకి సిద్ధమైతే అప్పటి ప్రెసిడెంట్ ట్రూమన్ దేశంలోని పెద్ద స్టీల్ మిల్లుల్ని స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు ఇచ్చేశారు. సరిగ్గా రెండు నెలలు కూడా కాకుండానే, జూన్ 2న, సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. దాంట్లో జస్టిస్ రాబర్ట్ జాక్సన్ విడిగా రాసింది ఇప్పటికీ ప్రతి కేసులోనూ వాడతారు. కాంగ్రెస్ ఒప్పుకున్న పని చేస్తే ప్రెసిడెంట్ బలం గరిష్టం, కాంగ్రెస్ ఏమీ అనకపోతే మసక ప్రాంతం, కాంగ్రెస్ వద్దన్న పని చేస్తే బలం కనిష్టం. అయిదేళ్ల ముందు, 1947లో కార్మిక చట్టం చేసేటప్పుడు, ప్రెసిడెంట్‌కి మిల్లులు స్వాధీనం చేసుకునే అధికారం ఇద్దామా అని కాంగ్రెస్ ఆలోచించి ఇవ్వలేదు, ట్రూమన్ ఓడింది అక్కడ. గమనించండి, ప్రెసిడెంట్ అధికారం ఎంత అని కొలవడానికి కోర్టు కూడా కాంగ్రెస్ ఏం చేసిందనే చూస్తుంది. చట్టసభ నోరు విప్పి ఉంటే కోర్టుకి పట్టు దొరుకుతుంది, విప్పకపోతే మసక ప్రాంతమే.

సుంకాల కేసులో కూడా అంతే. 2025 మే నెలలో ట్రేడ్ కోర్టు, ఆగస్టు 29న అప్పీల్ కోర్టు 7-4తో ఇవి చెల్లవన్నాయి. నవంబర్ 5న సుప్రీంకోర్టులో వాదనలయ్యాయి, 2026 ఫిబ్రవరి 20న 6-3తో తీర్పొచ్చింది, ఐఈఈపీఏ చట్టం సుంకాలు వేసే అధికారం ఇవ్వలేదు అని. దిగుమతుల్ని నియంత్రించొచ్చు అని ఆ చట్టంలో ఉంది గానీ పన్ను వేయొచ్చు అని ఎక్కడా లేదు, పన్ను వేసే అధికారం లాంటి పెద్దది కాంగ్రెస్ ఇవ్వదలుచుకుంటే స్పష్టంగా ఇస్తుంది అనేది సారాంశం. మనవాళ్లు ఇక్కడ స్వీట్లు పంచుకున్నారు. కానీ ప్రెసిడెంట్ వెంటనే 1974 చట్టంలోని 122వ సెక్షన్ తీసి కొత్త సుంకం ప్రకటించారు. దాన్ని చూసి మళ్లీ మొదటికొచ్చాం అని చాలామంది నిట్టూర్చారు, నేను అలా అనుకోను. 122 చదివి చూడండి, 15 శాతం మించకూడదు, 150 రోజులు మించకూడదు, మించాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి. అంటే ఇక్కడ కాంగ్రెస్ నిద్రపోయినా సరే గడువు అయిపోగానే సుంకం పోతుంది. పొడిగించాలంటే ప్రెసిడెంటే కాంగ్రెస్ గడప తొక్కాలి, ఓట్లు అడుక్కోవాలి. ఎమర్జెన్సీ చట్టంలో కాంగ్రెస్ పరిగెత్తాలి, 122లో ప్రెసిడెంట్ పరిగెత్తాలి. రెండూ ఒకే కాంగ్రెస్, ఒకే దశాబ్దంలో రాసిన చట్టాలే.

యుద్ధం విషయంలో 1973లో ప్రెసిడెంట్ నిక్సన్ వీటోని దాటి మరీ కాంగ్రెస్ చట్టం చేసింది, సేనల్ని దింపితే ప్రెసిడెంట్ 48 గంటల్లో తమకి చెప్పాలి, 60 రోజుల్లో అనుమతి లేకపోతే సేనల్ని వెనక్కి తేవాలి అని. అక్కడా మౌనం ప్రెసిడెంట్‌కి వ్యతిరేకంగానే పనిచేయాలి, కాగితం మీద. ఆచరణలో ప్రెసిడెంట్లు ఇది మాకు వర్తించదు అని ఏదో ఒక వాదన చేస్తూనే ఉన్నారు, కోర్టులు దాంట్లో తలదూర్చలేదు. ఇంపీచ్‌మెంట్ సంగతి అడగలేదు గానీ చెప్తున్నా, సెనేట్‌లో మూడింట రెండొంతులు కావాలి, 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటుతో బయటపడ్డారు, ఇంతవరకూ దాని ద్వారా పదవి పోయిన ప్రెసిడెంట్ లేరు. రోజువారీ పరిమితిగా దాన్ని లెక్కేయొద్దు.

ఇప్పుడు మన సంగతి. మన రాష్ట్రపతి అలా చేయగలరా అంటే సొంతంగా చేయలేరు. 74వ ఆర్టికల్ ప్రకారం మంత్రిమండలి సలహా మేరకే నడవాలి, 1974లో శంషేర్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీలు అదే చెప్పారు, 42వ సవరణలో ఇంకా గట్టిగా రాశారు, 44వ సవరణ తర్వాత ఒకసారి పునరాలోచించమని వెనక్కి పంపొచ్చు, అంతే. కాబట్టి మీ ప్రశ్నని మన దగ్గర కేబినెట్ అలా చేయగలదా అని మార్చుకోండి. చేయగలదు. చేసింది కూడా.

2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి జరిగింది. 16వ తేదీ రాత్రి పాకిస్తాన్ సరుకు మొత్తం మీద 200 శాతం సుంకం వేస్తూ నోటిఫికేషన్ వచ్చింది, కస్టమ్స్ టారిఫ్ యాక్ట్ 8ఏ సెక్షన్ కింద, అత్యవసరంగా దిగుమతి సుంకం పెంచే అధికారం అది. రాత్రి 8 గంటల 46 నిమిషాలకి గెజిట్‌లో అప్‌లోడ్ అయింది, అప్పటికే అట్టారీలో ఆ రోజు ఖర్జూరాలూ సిమెంటూ తెచ్చుకుని బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) వేసేసినవాళ్ల మీద కూడా ఆ 200 కట్టమన్నారు. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2020లో తేల్చారు, నోటిఫికేషన్ పుట్టిన నిమిషానికి ముందు వేసిన ఎంట్రీలకి అది వర్తించదు అని. మా కస్టమ్స్ వకీళ్లకి అది చాలా విలువైన తీర్పు. ప్రభుత్వం చేసిన పని సరైందా కాదా అన్న చర్చ ఇక్కడ వద్దు, నేను చెప్పేది ఆ అధికారం రాసిన తీరు గురించి. 265వ ఆర్టికల్ చట్టం లేకుండా పన్ను వద్దు అంటుంది. ఆ చట్టాన్ని పార్లమెంటు చేసింది, దాంట్లో అత్యవసర అధికారం ఇచ్చింది, ఇచ్చి ఒక పగ్గం కట్టింది: నోటిఫికేషన్‌ని సభల ముందు పెట్టాలి, ప్రభుత్వం తీర్మానం ద్వారా ఆమోదం కోరాలి, పార్లమెంటు మార్చమంటే మార్చాలి, రద్దంటే రద్దే. ఆ తీర్మానానికి రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు, వీటో లేదు, మూడింట రెండొంతులు లేదు. చద్దా కేసులో అమెరికా కాంగ్రెస్ పోగొట్టుకున్న పనిముట్టు ఉందే, అచ్చం అది మన పార్లమెంటు చేతిలో భద్రంగా ఉంది.

ఇంకా చూడండి. 352వ ఆర్టికల్ ఎమర్జెన్సీ. 1975 జూన్ 25 రాత్రి కేబినెట్‌కి చెప్పకుండానే అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారితో సంతకం పెట్టించారు, మంత్రులకి తెల్లారాక తెలిసింది. ఆ అనుభవంతో 1978లో 44వ సవరణ వచ్చింది. ఇప్పుడు కేబినెట్ రాతపూర్వకంగా ఇవ్వాలి, నెల లోపల రెండు సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, లేకపోతే దానంతటదే పోతుంది, ప్రతి ఆర్నెల్లకీ మళ్లీ ఆమోదించాలి. తీసేయడానికి మాత్రం లోక్‌సభలో మామూలు మెజారిటీ చాలు, పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేకంగా సభ పెట్టాలి. పెట్టడం కష్టం, తీయడం సులువు. అమెరికాలో పెట్టడం సులువు, తీయడం కష్టం. కాగితం మీద చూస్తే మనది చాలా మేలైన ఏర్పాటు, ఇది నేను దేశభక్తితో చెప్పడం లేదు, రెండూ పక్కన పెట్టుకుని చదివితే ఎవరికైనా తెలుస్తుంది.

ఆర్డినెన్స్ కూడా అంతే, సభలు మళ్లీ కూడిన 6 వారాలకి పోతుంది, మౌనం ప్రభుత్వానికి వ్యతిరేకం. అందుకే దాన్ని తప్పించుకోవడానికి బీహార్‌లో సభ ముందు పెట్టకుండా మళ్లీ మళ్లీ అదే ఆర్డినెన్స్ జారీ చేస్తూ పోయారు, 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు, కొన్ని 14 ఏళ్లు బతికాయి! వాధ్వా గారనే ప్రొఫెసర్ లెక్కలు తీసి కోర్టుకెళ్తే 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది, 2017లో ఏడుగురు జడ్జీల బెంచి కృష్ణకుమార్ సింగ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది.

మరి మనకి సమస్య లేదా? ఉంది, వేరే చోట ఉంది. మనకి పనిముట్టు తేలిక, ఎత్తే చెయ్యి లేదు. మన దగ్గర ప్రభుత్వమంటేనే లోక్‌సభలో మెజారిటీ ఉన్నవాళ్లు, దాని మీద 1985లో పదో షెడ్యూల్ వచ్చింది, పార్టీ విప్‌కి, అంటే ఇలా ఓటేయండి అన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేస్తే సీటు పోతుంది. పార్టీ ఫిరాయింపులు ఆపడానికి తెచ్చారు, నిజమే, కానీ ఒక సుంకం నోటిఫికేషన్ మీదో, ఒక ఆర్డినెన్స్ మీదో కూడా ఎంపీ తన నియోజకవర్గం కోసం విడిగా ఓటేసే వీలు పోయింది. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, విప్‌ని విశ్వాస తీర్మానం లాంటి ముఖ్యమైన వాటికి పరిమితం చేసుకుంటే మంచిదని సూచించింది, ఎవరూ వినలేదు. 2019లో అమెరికా సెనేట్‌లో సొంత ప్రెసిడెంట్‌కి ఎదురు ఓటేసిన ఆ 12 మంది ఇక్కడుంటే సభ్యత్వాలు పోయేవి. వాళ్లకి చేతులు స్వేచ్ఛగా ఉన్నాయి, బరువు ఎక్కువ. మనకి బరువు లేదు, చేతులు కట్టేసి ఉన్నాయి. నన్నడిగితే మనది సరిచేసుకోవడం తేలిక, ఎందుకంటే దానికి విప్ ఎప్పుడు ఇవ్వొచ్చో పదో షెడ్యూల్లో ఒక గీత గీస్తే చాలు, వాళ్లకి చద్దా తీర్పుని దాటాలంటే ప్రతి చట్టాన్నీ 122 లాగా గడువుతో తిరగరాసుకోవాలి, అదీ వీటో చేసే మనిషి ఒప్పుకుంటే.

మీరు లా చదువుతున్నారు కాబట్టి ఒక పని చేయండి, ఏ అధికారం గురించి చదివినా పక్కన చిన్న గడి గీసి, సభ కదలకపోతే ఏమవుతుంది అని రాసుకోండి. రాష్ట్రపతి పాలన గురించిన 356కి రాయండి, ఆర్డినెన్సుల గురించిన 123కి రాయండి, కస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ మినహాయింపు నోటిఫికేషన్లకి రాయండి. లోక్‌సభలో సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ అని ఒకటుంది, దాని రిపోర్టులు ఎవరూ చదవరు, మీరు చదవండి, నోటిఫికేషన్లు సభ ముందు ఆలస్యంగా పెట్టడం లాంటివి వాళ్లు పట్టుకుని అడుగుతుంటారు.

ఇక మీ నాన్నగారి ప్లాంటు సంగతి. ఐఈఈపీఏ సుంకాలు చెల్లవన్నారు కదా, మాకు డబ్బు వెనక్కొస్తుందా అని అక్కడ అందరూ అడుగుతూ ఉంటారు. చట్టప్రకారం సుంకం కట్టింది అమెరికాలోని దిగుమతిదారు, రీఫండ్ అంటూ వస్తే వాళ్ల పేరుకే వస్తుంది. మనవాళ్లలో చాలామంది ఆ సుంకంలో సగమో ఎంతో డిస్కౌంట్‌గా భరించారు, ఆ డబ్బు వెనక్కి అడగాలంటే రీఫండ్ వస్తే పంచుకుంటాం అని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, కాంట్రాక్టులో గానీ ఇన్‌వాయిస్‌లో గానీ కనీసం మెయిల్లో గానీ. నోటిమాటగా ఒప్పుకున్నవాళ్లు ఇప్పుడే బయ్యర్‌కి మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోవాలి. షిప్‌మెంట్ వారీగా, ఏ ఇన్‌వాయిస్‌లో ఎంత తగ్గించారో, అది సుంకం వల్లే తగ్గించినట్టు చూపించే మెయిల్ ఏదో, రెండూ కలిపి ఫైల్ చేసి పెట్టమని ఓనరు గారికి చెప్పమనండి. ఏడీడీ (యాంటీ డంపింగ్ డ్యూటీ), సీవీడీ (ప్రభుత్వ సబ్సిడీలకి ఎదురుగా వేసే సుంకం) డిపాజిట్లు దీంట్లో కలపొద్దు, ఆ తీర్పుకీ వాటికీ సంబంధం లేదు, వాటి రివ్యూ వేరే నడుస్తుంది.